కీమోకు ముందురోజు మాత్ర

శ్రోతలకు నమస్కారం. బిడ్డకు రక్త క్యాన్సర్ అని తేలి, రేపు కీమో మొదలనగా డాక్టరు అల్లోప్యురినాల్ అనే మాత్ర రాస్తారు. క్యాన్సర్‌ను తగ్గించే మందు కాదది, మూత్రపిండాలకు కాపలా.

కీమో పడగానే క్యాన్సర్ కణాలు కుప్పలుగా చచ్చిపోతాయి. వాటిలోంచి బయటపడ్డ సరుకు యూరిక్ ఆమ్లంగా మారి, ఎక్కువైతే మూత్రపిండాల సన్నటి గొట్టాల్లో గడ్డకట్టుకుపోతుంది. ఆ మార్పును ఈ మాత్ర ఆపుతుంది. అప్పటికే తయారైన ఆమ్లాన్ని మాత్రం తీసేయలేదు. అందుకే 12 నుంచి 24 గంటల ముందే మొదలుపెట్టి, దాదాపు వారం ఇస్తారు. ముప్పు బాగా ఎక్కువైతే, తయారైన ఆమ్లాన్ని కూడా విరగ్గొట్టే రాస్‌బురికేస్ ఇంజెక్షన్ ఉంది. జీ6పీడీ అనే, ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము లోపమున్న పిల్లలకు ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు.

సాధారణంగా రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, మూడు పూటలుగా. 15 కిలోల బిడ్డకు 150, అంటే 100 మిల్లీగ్రాముల మాత్రలో సగం చొప్పున మూడుసార్లు, తిన్నాక. మింగలేకపోతే నూరి నీళ్లలో కలపొచ్చు. మూత్రపిండాలు నలతగా ఉంటే డాక్టరు మోతాదు తగ్గిస్తారు. వాంతిలో మాత్ర పోతే, అడక్కుండా మళ్లీ వేయకండి.

మాత్రతో పాటు సెలైన్ ధారాళంగా ఎక్కిస్తారు, అందులో పొటాషియం కలపరు. మన నెల్లూరు, ఒంగోలు వైపు జబ్బుపడ్డ బిడ్డను చూడవచ్చే చుట్టాలు కొబ్బరిబోండాలు, అరటిపళ్లు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ చచ్చే కణాల నుంచి పొటాషియం కూడా రక్తంలోకి పొంగుతుంది. దానిపైన బోండాం నీళ్లు తాగిస్తే గుండె లయ తప్పొచ్చు. ఎండకని ఇచ్చే ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది. ఈ వారం ఏది తాగించాలన్నా నర్సును అడగండి. అవ్వాతాతలకూ ముందే చెప్పిపెట్టండి, వాళ్లు నొచ్చుకోకుండా.

పోసిన ప్రతి మూత్రాన్నీ కొలిచి రాయించండి. మూత్రం తగ్గినా, కండరాలు పట్టేసినా, బిడ్డ మత్తుగా ఉన్నా వెంటనే పిలవండి. ఒంటిపై దద్దుర్లు లేస్తే తర్వాతి మాత్ర ఆపి డాక్టరుకు చూపించండి. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు ఉంటే అది మరీ ప్రమాదం.

ఇంకొకటి. తర్వాత మెర్కాప్టోప్యూరిన్ అనే క్యాన్సర్ మందు రాస్తే, ఈ మాత్ర ఆపారో లేదో తప్పక అడగండి. రెండూ కలిస్తే మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లో నిలిచిపోయి రక్తకణాలు పడిపోతాయి. దాని మోతాదు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గించాల్సి వస్తుంది. చెన్నైలోనో తిరుపతిలోనో వైద్యం మొదలుపెట్టి ఊరికి వచ్చేవాళ్లు, మాత్రల అట్టనూ డిశ్చార్జి కాగితాన్నీ ఇక్కడి డాక్టరు చేతికివ్వండి.