‘క్రమంగా’ అంటే ఎప్పుడు?

సభకు నమస్కారం.

పోయిన నెల మా వీధి రేషన్ షాపు దగ్గర చూసిన సంగతితో మొదలుపెడతాను. డెబ్భై దాటిన మామ్మ ఒకామె మిషన్ మీద వేలు పెట్టింది. ముద్ర పడలేదు. డీలరు అద్దం తుడిచాడు. ఆమె వేలిని తలకు రాసుకుని, కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఒక్కో వేలూ అయింది. “రేపు రా మామ్మా, సర్వర్ కూడా స్లోగా ఉంది” అన్నాడు. ఆమెకు కోపం కూడా రాలేదు. “నలభై ఏళ్లు మిరపకాయలు కోశాను నాయనా, ఇంకా గీతలెక్కడుంటాయి?” అని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మామ్మ తిండి గురించి మన దేశం ప్రపంచానికి కూడా మాట ఇచ్చింది. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. 1979 ఏప్రిల్‌లో మనం అందులో చేరాం. తిండి, బట్ట, ఇల్లు సహా తగిన జీవన ప్రమాణం ప్రతి మనిషి హక్కని 11వ అధికరణం చెబుతుంది.

అయితే 2వ అధికరణంలో ఒక మాట ఉంది. అందుబాటులో ఉన్న వనరులన్నిటితో, ‘క్రమంగా’ ఈ హక్కులు నెరవేర్చాలట. ప్రభుత్వాలకు ఇంతకన్నా ఇష్టమైన మాట లేదు. మన ఆఫీసుల్లో ‘చూద్దాం’ అన్నట్టు వాడేస్తారు. ఈ సాకు పని చేయదని ఒడంబడిక అమలును చూసే కమిటీ 1990లోనే తేల్చింది. అందరికీ పక్కా ఇల్లు కట్టడానికి ఏళ్లు పట్టొచ్చు, ఒప్పుకుంటాం. కానీ కనీస తిండి వాయిదా వేసే బాకీ కాదు. జనానికి అది కూడా అందడం లేదంటే, ఉన్న వనరులన్నీ వాడి చూశామని రుజువు చేసుకోవాల్సింది ప్రభుత్వమే.

అదే కమిటీ 1999లో తిండి విషయంలో ప్రభుత్వ బాధ్యతను మూడుగా విడదీసింది. ఉన్న తిండికి అడ్డుపడకూడదు. ఇంకొకరు అడ్డుపడితే ఆపాలి. సంపాదించుకోలేని వాళ్లకు తానే ఇవ్వాలి. మామ్మ కథలో ఈ మూడూ ఎలా మెలిక పడ్డాయో చూడండి. ఇవ్వాలి కాబట్టి బియ్యం పంపారు. దొంగ కార్డులను, డీలర్ల చేతివాటాన్ని ఆపాలి కాబట్టి మిషన్ పెట్టారు. చివరికి ఆ మిషనే ఆమె తిండికి అడ్డం కూర్చుంది. దొంగను పట్టడానికి వేసిన తాళం ఇంటామెనే బయట ఉంచింది.

2001లో గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులుండటం ఏమిటని పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టమంది. ఉత్తర్వుల అమలు చూడటానికి 2002లో నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఒకరు మన ఎస్.ఆర్. శంకరన్ గారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెట్టిచాకిరీ విముక్తి కోసం పని చేసిన ఆ ఐఏఎస్ అధికారికి, జీవో గుమ్మం దాటి జనం దాకా రావడం ఎంత కష్టమో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక మామ్మ జెనీవాలోని ఆ కమిటీకి ఫిర్యాదు చేయగలదా అంటే, లేదు. వ్యక్తుల ఫిర్యాదులకు వీలిచ్చే ప్రోటోకాల్, అంటే ఒడంబడికకు అనుబంధ ఒప్పందం, 2013 నుంచి అమల్లో ఉన్నా మన దేశం అందులో చేరలేదు. మనకున్న ఆయుధం ఇక్కడి 2013 ఆహార భద్రతా చట్టమే. దాని 8వ సెక్షన్ ప్రకారం ధాన్యం ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. జిల్లాలో ఫిర్యాదుల అధికారి, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉండాలి. వేలిముద్ర పడలేదని ఎవరినీ వెనక్కి పంపొద్దని 2017లో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది.

ఆ మర్నాడు మామ్మకు అర్జీ రాసిచ్చాను. సంతకం దగ్గర వేలిముద్ర వేయమంటే నవ్వింది.