తలనూనె, ఉప్పునీళ్లు, ఉత్తుత్తి కరెంటు

శ్రోతలకు నమస్కారం.

హిందూపురం నుంచో మదనపల్లె నుంచో కర్నూలు నుంచో వచ్చి, తెల్లవారుజామున బస్సు దిగి, బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మెదడు, నరాల ఆస్పత్రి దారి పట్టే తెలుగువాళ్లు ఎప్పుడూ ఉంటారు. చేతిలో ఎం.ఆర్.ఐ. ఫిల్ముల కవరు, పక్కన ఒక తోడు. నరాల జబ్బులున్న ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటుంది: "తలకు కరెంటు పెట్టి నయం చేస్తారటగా, నిజమేనా?" ఆ కరెంటు ఏమిటో, అది పనిచేసిందో లేదో పరిశోధనలో ఎలా తేలుస్తారో ఈ పూట చెప్పుకుందాం.

మల్టిపుల్ స్క్లిరోసిస్‌నే తీసుకుందాం. వాడుకలో ఎం.ఎస్. అంటారు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మెదడు, వెన్నుపాములోని నరాల పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారితప్పి ఆ పొరను దెబ్బతీస్తుంది. ఎక్కడ ఊడితే అక్కడ తేడా. ఒకరికి కన్ను మసకబారుతుంది, ఇంకొకరికి కాలు మొద్దుబారుతుంది, మరొకరికి మూత్రం ఆగదు. పారిస్‌లో షార్కో అనే వైద్యుడు 1868లోనే ఈ జబ్బును విడిగా వర్ణించాడు. లక్షణాలు ఉన్నట్టుండి విరుచుకుపడే దాడులను తగ్గించే మొదటి మందు ఇంటర్‌ఫెరాన్ బీటాకు అమెరికాలో అనుమతి దొరికింది మాత్రం 1993లో.

చిక్కెక్కడంటే, ఎక్కువమందిలో ఇది వచ్చిపోయే జబ్బు. దాడి వస్తుంది, కొన్ని వారాల్లో చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కించే స్టిరాయిడ్ ఆ సర్దుబాటును తొందరపెడుతుంది, అంతే. ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు తిరగబెడతాయి, చల్లబడగానే పోతాయి. అనంతపురం మే ఎండలో కాలీడ్చిన మనిషి బెంగళూరు చల్లదనంలో కాస్త మెరుగ్గా నడిస్తే ఆ ఘనత ఏ మిషనుదీ కాదు. అందుకే కొత్త దాడి అని లెక్కకు రాయాలంటే లక్షణం కనీసం 24 గంటలు నిలవాలి, జ్వరం ఉండకూడదు. దానంతట తగ్గే జబ్బుకు ఎవరు వైద్యం చేసినా ధన్వంతరే!

ఇక కరెంటు సంగతి. మెదడులోకి సన్నని తీగ దించి, ఛాతీలో బ్యాటరీ పెట్టే డి.బి.ఎస్. ఆపరేషన్ వేరు. అది ముఖ్యంగా పార్కిన్సన్స్‌కూ వణుకు జబ్బులకూ. తల పైనుంచే చేసేవి రెండు. మొదటిది టి.ఎం.ఎస్. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం చూపించిన పద్ధతి. తలకు ఆనించిన తీగచుట్టలో పుట్టే అయస్కాంత శక్తి మెదడులో చిన్న కరెంటును రేపుతుంది. టకటకమని గట్టిగా మోగుతుంది కాబట్టి చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి. తలలో ఇనుప క్లిప్పు గానీ చెవిలో వినికిడి కోసం అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్ గానీ ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు ముందే చెప్పాలి.

రెండోది టి.డి.సి.ఎస్. తల మీద రెండు తడి స్పాంజీలు ఆనించి వాటి గుండా సన్నని కరెంటు పంపడం. షాక్ ట్రీట్‌మెంట్ అని భయపడేది దీన్ని చూసే. షాక్ చికిత్సలో వాడే కరెంటు సుమారు 800 మిల్లీ ఆంపియర్లు, అదీ మత్తు ఇచ్చి. ఇందులో 1 లేదా 2 మిల్లీ ఆంపియర్లే. 20 నిమిషాలు కూర్చోవాలి. మనిషి మెలకువగానే ఉంటాడు, తల మీద కాస్త చిమచిమలాడుతుంది.

మిషను చిన్నదే, ఫలితం మాత్రం పెట్టే చేతిని బట్టి ఉంటుంది. ముందు టేపుతో తల కొలుస్తారు. ముక్కు మొదలు నుంచి వెనక తల ఉబ్బెత్తు ఎముకదాకా ఒక కొలత, ఈ చెవి ముందు నుంచి ఆ చెవి ముందుదాకా ఇంకొకటి. రెండింటి సగాలు కలిసే చోటు నడినెత్తి. కుడిచేతిని కదిలించే భాగం కావాలంటే అక్కడినుంచి ఎడమ చెవివైపు, చెవి-చెవి కొలతలో 20 శాతం జరగాలి. ఆ కొలత 36 సెంటీమీటర్లయితే 7.2 అన్నమాట. అంచనాగా వేలితో చూపించి పెడితే కరెంటు పక్కింటికి పోతుంది.

తర్వాత 5 బై 7 సెంటీమీటర్ల స్పాంజీలు రెండు, 0.9 శాతం ఉప్పునీళ్లలో తడుపుతారు. స్పాంజీకి ఒక్కో వైపు సుమారు 6 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువైతే నీళ్లు జుట్టులోకి కారి కరెంటు తలపైనే పరుచుకుపోతుంది. తక్కువైతే, లేదా మధ్యలో ఆరిపోతే, తడి మిగిలిన ఒక్క చోట కరెంటంతా పోగై చర్మం కాలుతుంది. చురుక్కుమంటే ఓర్చుకుని కూర్చోకూడదు, వెంటనే చెప్పాలి. ఉప్పునీళ్లకు బదులు కుళాయి నీళ్లు వాడడం కూడా తప్పే.

ఇక మనవాళ్ల అసలు సమస్య తలనూనె. మెదడు చల్లగా ఉంటుందని ఆస్పత్రికి వచ్చేరోజు కూడా కొబ్బరినూనె పట్టించుకొస్తారు. నూనె కరెంటును అడ్డుకుంటుంది. మిషను మీద అడ్డంకి అంకె 10 కిలో ఓమ్‌ల లోపు ఉండాల్సింది పైకి ఎగబాకుతుంది. తెలియని కుర్రాడైతే ఇంకా ఉప్పునీళ్లు పోస్తాడు, పైన చెప్పిన కారుడు మొదలు. ముందురోజు షాంపూతో తల రుద్దుకుని, నూనె లేకుండా, ఆరిన జుట్టుతో రావడమే దీనికి మందు.

ఇప్పుడు ఉత్తుత్తి కరెంటు. ట్రయల్‌లో, అంటే వైద్యం పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధనలో, చేరినవాళ్లను లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు 20 నిమిషాలూ కరెంటు పారుతుంది. రెండో గుంపుకు సుమారు 30 సెకన్లు పెరిగి, చిమచిమ తెలిశాక మెల్లగా ఆగిపోతుంది, స్పాంజీలు మాత్రం అలాగే ఉంటాయి. ఇది మోసం కాదా అని కొందరు కోప్పడతారు. ఇలా జరగొచ్చని సంతకానికి ముందే చెప్పినప్పుడు మోసం కాదు. ఎం.ఎస్. దాడి చాలావరకు దానంతటదే తగ్గేది కాబట్టి, ఉత్తుత్తి గుంపు ఎంత మెరుగైందో తెలియకుండా అసలు గుంపు మెరుగుకు విలువ కట్టలేం.

ఎవరికి అసలు, ఎవరికి ఉత్తుత్తి అన్నది గుట్టుగా ఉంచాలి. ఈ గుట్టు బయటపడేది చిన్నచిన్న చోట్లే. 20 నిమిషాల తర్వాత స్పాంజీ కింద చర్మం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసిన మనిషే నడక పరీక్ష చేస్తే, తెలియకుండానే ఒకరిని ఎక్కువ ఉత్సాహపరుస్తాడు. అందుకే కరెంటు పెట్టేవాళ్లు వేరు, కొలిచేవాళ్లు వేరుగా ఉండాలి. నడక పరీక్ష 25 అడుగులు, అంటే 7.62 మీటర్లు. రెండుసార్లు నడిపించి సగటు తీస్తారు. 20 శాతమైనా మారితేనే మార్పు కింద లెక్క. రాత్రంతా బస్సులో వచ్చిన మనిషిని దిగీదిగగానే నడిపిస్తే ఆ కొలత చెత్తబుట్టకే.

అలసటను గడియారంతో కొలవలేం, ప్రశ్నలే దిక్కు. బెంగళూరులో తమాషా ఇక్కడే. కన్నడంలో ఆయాస అంటే అలసట. మనకు ఆయాసం అంటే ఊపిరాడకపోవడం. వాళ్లకు సుస్తు అంటే నీరసం, మనకు సుస్తీ అంటే జబ్బు. కన్నడ ఫారం చదివి "ఆయాసం ఉందా?" అని అడిగితే మన రైతు "లేదు సార్, ఊపిరి బాగానే ఆడుతోంది" అంటాడు. ఆ రోజు అలసట సున్నా! కాబట్టి ప్రశ్నపత్రమైనా, సమ్మతి పత్రమైనా తెలుగులో కావాలని అడగండి. అర్థమయ్యే భాషలో చెప్పించుకోవడం మీ హక్కు.

ఇప్పటిదాకా తేలిందేమిటంటే, కొన్ని చిన్న ప్రయోగాల్లో టి.డి.సి.ఎస్.తో ఎం.ఎస్. అలసట కొంత తగ్గింది. ఊడిన మైలిన్ దీనితో తిరిగి వస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. వేలకు వేలు తీసుకుని కరెంటుతో ఎం.ఎస్. నయం చేస్తామనే చోట నాకైతే నమ్మకం లేదు.

నిజమైన ట్రయల్‌కు సి.టి.ఆర్.ఐ., అంటే మన దేశంలో ట్రయళ్లను నమోదు చేసే జాబితా, ఇచ్చిన నంబరు ఉంటుంది. ఆ అక్షరాల తర్వాత సంవత్సరం, నెల, చివర వరస సంఖ్య. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి మనిషిని చేర్చుకునేలోపే ఈ నమోదు జరగాలి. ఆ నంబరును ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. సంతకం పెట్టేముందు అడగాల్సినవి ఇవి: ఇప్పుడు వాడుతున్న మందు ఆపాలా? మధ్యలో దాడి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది? ఉత్తుత్తి గుంపులో పడినవాళ్లకు తర్వాత అసలు కరెంటు ఇస్తారా? జవాబులు విన్నాక ఇంట్లోవాళ్లతో మాట్లాడి రేపు చెబుతామనొచ్చు. చేరాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు. సంతకం పెట్టిన కాగితం కాపీ ఒకటి అడిగి తీసుకుని, ఆ ఎం.ఆర్.ఐ. కవర్లోనే పెట్టుకోండి.