కీమ్యాన్ బాబాయ్

శ్రోతలకు నమస్కారం. మంచి ఉద్యోగికి ఉండాల్సిన గుణాల గురించి మాట్లాడమన్నారు. టైముకి రావడం, నలుగురితో కలిసిపోవడం, కొత్త పని నేర్చుకోవడం... ఇవి మీకు తెలియనివి కావు, వదిలేద్దాం. నాకున్నది నాలుగు నిమిషాలు. ఒక్క మనిషి గురించి చెబుతాను.

మా చిన్నప్పుడు డోర్నకల్ రైల్వే క్వార్టర్సులో మా పక్కింటాయన కీమ్యాన్. పిల్లలందరికీ ‘కీమ్యాన్ బాబాయ్’. పట్టాని కింద అడ్డంగా ఉండే దిమ్మకి, అంటే స్లీపరుకి, పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే కొట్టి బిగించే మనిషి కాబట్టి ఆ పేరు. ఇప్పుడు వాటి బదులు క్లిప్పులొచ్చాయి, పేరు మాత్రం మారలేదు. పొద్దున్నే భుజాన సుత్తి, చేతిలో స్పానర్, సంచిలో ఎర్ర జెండాలు, డిటోనేటర్లు. ఐదారు కిలోమీటర్ల బీటు. వెళ్లేటప్పుడు ఒక పట్టా చూసుకుంటూ వెళ్తాడు, వచ్చేటప్పుడు రెండో పట్టా. రోజూ అంతే. చలికాలం తెల్లవారుజామున ఇనుము ముడుచుకుంటుంది కదా, పట్టా విరిగే భయం అప్పుడే ఎక్కువ.

విరిగితే ఏం చేయాలి? అక్కడ ఎర్ర జెండా పాతి, బండి వచ్చే వైపుకి పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటర్. ఇంకా పరుగెత్తి, 1200 మీటర్ల దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు. ఇంజను చక్రం కింద అవి ఢామ్మని పేలితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. కంకర మీద 1200 మీటర్ల పరుగు! మనం బస్సు కోసం వంద మీటర్లు పరుగెత్తితేనే రొప్పుతాం.

ఓ రోజు బాబాయ్ అలా పరుగెత్తి గూడ్సు బండిని ఆపాడు. తీరా చూస్తే పగులు కాదు, పట్టా మీద గీత. బండి అరగంట లేటు. పట్టాల పనివాళ్ల గ్యాంగులో వారం రోజులు ఒకటే నవ్వులు. ఇన్‌స్పెక్టరు మాత్రం వచ్చి, గీతని వేలితో తడిమి చూసి, “మళ్లీ అనుమానం వస్తే మళ్లీ ఆపు” అన్నాడట. అంతే, ఇంకేం అనలేదట.

మళ్లీ ఆపాడు. అదే చలికాలంలో. ఈసారి వస్తున్నది ప్యాసింజరు బండి. వెల్డింగ్ అతుకు దగ్గర పట్టా నిజంగానే విరిగింది.

ఊరంతా ఆయన పరుగు గురించే చెప్పుకుంది. నాకైతే ఆ మొదటి గీతే గుర్తుంటుంది. ఒకసారి నవ్వులపాలైన మనిషి రెండోసారి జెండా తీయాలంటే ఎంత గుండె కావాలి! ఆ ఇన్‌స్పెక్టరు మొదటిసారే కసిరి ఉంటే? ఏమో, బాబాయ్ రెండోసారి కూడా పరుగెత్తేవాడనే నేననుకుంటాను. కానీ అందరూ బాబాయ్‌లు కారు కదా.

ఇంకో సంగతి. ఆ రోజు స్టేషనుకి ఆయన పంపిన కబురు ఇదీ: ఫలానా కిలోమీటరు, ఫలానా స్తంభం, ఎడమ పట్టా, అతుకు విరిగింది, జెండా పెట్టాను. ఎక్కడ, ఏమిటి, నేనేం చేశాను. అంతే. మీ ఆఫీసులో రేపు ఏదైనా తేడా వస్తే ఆ మూడు ముక్కలే చెప్పి చూడండి.

నేను చెప్పలేకపోయాను లెండి. ఒకప్పుడు నేను పనిచేసిన చోట జీతాల లెక్కలో తప్పు చేశాను. రెండు రోజులు టెన్షన్‌తో దాచుకుని, మూడో రోజు మేనేజరు గదికి వెళ్లాను. కంప్యూటరు కొత్తదన్నాను, ఇంట్లో జ్వరాలన్నాను, క్షమించమని నాలుగుసార్లు అన్నాను. ఆయన ఓపిగ్గా పది నిమిషాలు విని, “అవన్నీ సరేనయ్యా, ఇంతకీ తేడా ఎంత?” అన్నాడు.

ఆ ఒక్క ముక్కా నేనింకా చెప్పనే లేదు.