బెల్టుకు ఇంకో బొక్క పెట్టే ముందు కాటా ఎక్కండి

[దృశ్యం: దేవరకొండ బస్టాండు. దసరాకు రెండు రోజుల ముందు. ముంబై నుంచి వచ్చిన మనిషి సంచి భుజాన వేసుకొని దిగుతాడు. ప్యాంటు నడుము దగ్గర కుచ్చిళ్లు పడి ఉంది.]

తమ్ముడు: ఏందన్నా, గింత బక్కగైనవ్?

అన్న: పని ఎక్కువైందిరా. ఆడ తిండి సక్కగుండదు.

వాయిస్: మన దగ్గర ఈ జవాబు ఎవరైనా నమ్ముతారు. దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్లు సన్నబడి రావడం కొత్తేం కాదు. ఈ అన్న మేం కల్పించిన మనిషి. ఇతనికి హెచ్‌ఐవీ ఉంది, నాలుగేళ్లుగా ఆ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు అనుకుందాం. తమ్ముడికి ఆ సంగతి తెలియదు, చెప్పి తీరాలని కూడా లేదు. కానీ ఈ బక్కదనాన్ని అన్న మాత్రం పని మీదికి నెట్టేయకూడదు.

[తెర మీద: ఉగాదికి 60 కిలోలు. దసరాకు 53.]

వాయిస్: తిండి తగ్గించుకోలేదు, సన్నబడాలని వ్యాయామమూ చేయలేదు. అయినా ఆరు నెలల్లో ఏడు కిలోలు పోయాయి. అంటే ఒంటి బరువులో పదో వంతు కన్నా ఎక్కువ. కారణం తెలియకుండా ఇంత తగ్గితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని హెచ్‌ఐవీ నాలుగు దశల్లో మూడో దశ లక్షణంగా లెక్కిస్తుంది. దానికి తోడు మనిషి ఎముకల గూడులా కనిపిస్తూ, నెలకు పైగా విరేచనాలో, జ్వరమో, రాత్రి చెమటలో పట్టుకుంటే అది వేస్టింగ్ సిండ్రోమ్. నాలుగో దశ.

అంతదాకా ఆగొద్దు. ఆరు నెలల్లో ఇరవయ్యో వంతు తగ్గినా డాక్టరుకు చెప్పాల్సిందే. 60 కిలోల మనిషికి అది మూడు కిలోలు. 45 కిలోల అక్కకైతే రెండుంబావు కిలోలే. "రెండు కిలోలకే ఇంత టెన్షనా" అని ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

[దృశ్యం: ఎరువుల దుకాణం ముందు కాటా. అన్న చెప్పులు విడిచి ఎక్కుతాడు.]

వాయిస్: ఎరువుల షాపు కాటా అయినా నాకు అభ్యంతరం లేదు, కిలో కిలో సరిగ్గా చూపిస్తే చాలు. ప్రతి నెలా అదే కాటా ఎక్కండి. చెప్పులు లేకుండా, జేబులో ఫోన్ లేకుండా, పొద్దున తినకముందు. అంకెను క్యాలెండర్‌లో ఆ తేదీ మీదే రాసుకోండి. పక్కన ఇంకేమీ రాయక్కర్లేదు, చూసినవాళ్లు పాల లెక్క అనుకుంటారు.

కాటా దొరకని నెలలో ఒంటినే అడగండి. రవిక చేతులు వదులయ్యాయా? గాజులు మోచేతి దాకా జారుతున్నాయా? కణతలు గుంటలు పడ్డాయా? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లోపలికి పోయిందా? గొంతుక్కూర్చుంటే చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారా? మామూలు పస్తుల్లో ఒళ్లు ముందు కొవ్వును ఖర్చు పెట్టి కండను వీలైనంత కాపాడుకుంటుంది. జబ్బు లోపల కాలుతున్నప్పుడు కండ కూడా కరిగిపోతుంది. అందుకే బరువుతో పాటు బలమూ పోతుంది.

[దృశ్యం: ఊళ్లో ఆర్‌ఎంపీ గది. మేకుకు వేలాడుతున్న సెలైన్ బాటిల్.]

ఆర్‌ఎంపీ: ఒక గ్లూకోజ్ ఎక్కిస్తే సెట్ అయితది.

వాయిస్: కాదు. అరలీటరు ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్లో ఉండేది 25 గ్రాములు. ఐదు చెంచాల చక్కెర! దాంతో కండ రాదు. ఎక్కిన నీళ్ల బరువుకు కాటా మీద అంకె ఒక రోజు పెరిగి మనల్ని మోసం చేస్తుంది కూడా. మునుగోడు, మర్రిగూడ వైపు ఇంకో మాట వినిపిస్తుంది: "అంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే." ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడు చేసిన మాట నిజమే. అంతమాత్రాన ఆరు నెలల్లో ఏడు కిలోలు పోతే ఆ నెపం నీళ్ల మీద వేయకండి.

మరి కారణం ఎక్కడ వెతకాలి? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు బరువు తగ్గితే మొట్టమొదట అనుమానించాల్సింది టీబీని. "నాకు దగ్గే లేదు కదా" అంటారు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినప్పుడు దగ్గు లేకుండానూ టీబీ ఉంటుంది, ఎక్స్‌రే మామూలుగా కనిపించినా ఉంటుంది. మెడ దగ్గర గడ్డలు, సాయంత్రం వచ్చే జ్వరం, తడిసిన పక్కబట్ట ఇవన్నీ చెప్పాలి. గళ్ల (కఫం) పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. టీబీ తేలితే ఏఆర్‌టీ సెంటర్‌లో తప్పక చెప్పాలి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ అనే మందు, ఏఆర్‌టీలో ఇచ్చే డోలుటెగ్రావిర్ అనే మందు ఒంట్లో నిలిచే పాళ్లను తగ్గించేస్తుంది. అందుకని డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు ఇస్తారు. అది డాక్టరు చేయాల్సిన మార్పు, మీరు చేసుకునేది కాదు.

నోట్లో తెల్లపూత, మింగితే ఎదలో నొప్పి, ఆగని విరేచనాలు, షుగర్, థైరాయిడ్, మనసు బాగాలేక అన్నం సయించకపోవడం, ఇంట్లో బియ్యమే లేకపోవడం... ఇవీ కారణాలే. చివరిది చెప్పడానికి సిగ్గుపడతారు. చెప్పండి. కోడిగుడ్డు, పప్పు, మన పల్లీలు అన్నీ తినాల్సిందే, కానీ లోపల టీబీ ఉండగా పల్లీపట్టీ ఒక్కటే ఏం చేస్తుంది?

ఇంకో కారణం ఉంది. మనుషులు చివరిదాకా దాచేది అదే.

[దృశ్యం: ఏఆర్‌టీ సెంటర్. తలుపు మూసి ఉంది. కౌన్సెలర్ ముందు అన్న.]

కౌన్సెలర్: మందులు ఎన్ని రోజులు తప్పినయన్నా? నిజం చెప్పండి, తిట్టను.

అన్న: ఒకటే రూముల పదిమందిమి ఉంటం మేడమ్. డబ్బా ఎవలన్న చూస్తరని మూటల అడుగున పెట్టిన. నెలన్నర మింగలే.

కౌన్సెలర్: అయ్యో, ముందే అడిగితే ముంబైలనే తీసుకునేటట్టు ట్రాన్స్‌ఫర్ రాసిద్దుం గదా! సరే, ఇప్పుడు రాసిస్త. డాక్టర్ సార్ వైరల్ లోడ్, అంటే నెత్తుట్ల వైరస్ ఎంతుందో కూడా చూస్తరు. ముందైతే చెప్పులిడిచి కాటా ఎక్కండి.

[తెర మీద: 53.2. కౌన్సెలర్ కార్డులో రాసి, గళ్ల డబ్బా చేతికి ఇస్తుంది. కింద పట్టీ: హెచ్‌ఐవీ సమాచారానికి ఉచిత ఫోన్ నంబర్ 1097.]