ఖాళీ ఫ్లాస్కులో వచ్చిన స్పాట్

ఆకాశవాణి శ్రోతలందరికీ నమస్కారం.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు బీపీకి లోసార్టాన్ బిళ్ల వేసుకుంటూనే ఉంటారు. ఆ మందు అణువులో రెండు బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చూడటానికి ఒక్క కార్బన్ బంధమే. ఆ ఒక్కటి వేయడానికి ఒకప్పుడు కెమిస్టులు నానా తంటాలు పడేవారు. జపాన్‌లో అకిరా సుజుకి, నోరియో మియౌరా 1979 నుంచి పల్లాడియం అనే లోహంతో ఇలాంటి బంధాలు వేయడం మొదలుపెట్టి, రెండేళ్లలో బెంజీన్ వలయాలను కూడా సులువుగా అతికి చూపించారు. 2010లో హెక్, నెగిషిలతో పాటు సుజుకికి నోబెల్ వచ్చింది. లోసార్టాన్ తయారీలో వాడే ఒక ముఖ్యమైన పద్ధతి ఆ సుజుకి చర్యే. వంద అణువులను అతకడానికి ఒకటో రెండో పల్లాడియం పరమాణువులు సరిపోతాయి. ఒక్కోసారి అంతకంటే తక్కువే చాలు.

ముప్పై ఏళ్లుగా నా పరిశోధనంతా పల్లాడియం లాంటి ఉత్ప్రేరకాల మీదే, అంటే చర్యను తొందరపెట్టే పదార్థాల మీదే. ల్యాబ్‌లో మేం కెటలిస్ట్ అనే అంటాం, ఇక్కడా అలాగే అంటాను.

విశాఖ నుంచి అరకు రైలెక్కినవాళ్లకు కెటలిస్ట్ గురించి చెప్పడం తేలిక. శృంగవరపుకోట దాటాక వరసగా సొరంగాలు వస్తాయి. సొరంగం వల్ల కొండ ఎత్తు తగ్గదు. శృంగవరపుకోట ఎత్తూ మారదు, అరకు ఎత్తూ మారదు. కొండ నెత్తి దాకా ఎక్కకుండా ఇంకో దారి దొరుకుతుంది, అంతే. పైగా ఆ సొరంగం పోయే బండికీ వచ్చే బండికీ ఒకటే. కెటలిస్ట్ కూడా చర్యకు అలాంటి తేలిక దారి చూపి, రెండు వైపులా ఒకే తీరున తొందరపెడుతుంది. అసలు జరగలేని చర్యను జరిపించడం మాత్రం దాని వల్ల కాదు.

"పాలలో తోడు వేసినట్టా మేడం?" అని పిల్లలు అడుగుతారు. చుక్క చాలు అన్నంతవరకే ఆ పోలిక. తోడులో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. పాలల్లో పెరిగి, తెల్లారేసరికి గిన్నెడు తోడవుతాయి. కెటలిస్ట్ పెరగదు. వేసిన చుక్కే ఒక అణువును అతికి, దాన్ని వదిలి, ఇంకోదాన్ని పట్టుకోవాలి. అలా తిరిగి తిరిగి ఒకనాటికి అలసిపోతుంది. పల్లాడియం చచ్చిపోతే మాకు కంటికే తెలుస్తుంది: ఫ్లాస్కు గోడకు నల్లగా మసి పట్టినట్టు పేరుకుంటుంది. ఆ నలుపు చూస్తే ఇప్పటికీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ ఊళ్లో ఆర్గానిక్ కెమిస్ట్రీకి పునాది వేసిన వారిలో టి.ఆర్. శేషాద్రి గారిని తలుచుకోవాలి. 1930ల్లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, ఇక్కడే పత్తి పూల రంగులు, గోంగూర జాతి పూల రంగులు విడదీసి, ఆ అణువుల నిర్మాణం తేల్చారు. ప్రకృతి కట్టిన అణువును విప్పి చూడటం ఆయన తరం ఎంచుకున్న పని. అణువును చేత్తో కట్టడం, అదీ చెత్త మిగల్చకుండా కట్టడం, మా తరానికి వచ్చిన పని.

చెత్త అన్నాను కాబట్టి ఒక లెక్క చెప్పాలి. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఒక కొలత పెట్టారు. కిలో సరుకు చేస్తే ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుంది అని. చమురు శుద్ధిలో అది పదో వంతు, అంటే 100 గ్రాముల లోపే. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, అంతకు మించి కూడా. మన ఊళ్లో ఒక వైపు మల్కాపురంలో రిఫైనరీ, ఇంకో వైపు పరవాడలో ఫార్మా సిటీ ఉన్నాయి. ఈ రెండు అంకెలూ మన గడపలోవే. కిలో బిళ్లల వెనక వంద కిలోల చెత్త ఎందుకు మిగలాలి? నన్ను ఈ రంగంలో ఉంచింది ఆ ప్రశ్నే.

ఇక మా ల్యాబ్ సంగతి. కిటికీ తీస్తే సముద్రపు గాలి. ఊరికి అది వరమే కానీ మా పనికి శత్రువు. టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో తేమ లేకుండా చేయడానికి సోడియం ముక్కలు, బెంజోఫినోన్ వేసి మరిగిస్తాం. తేమంతా పోయాక ద్రవం చిక్కటి నీలిరంగుకు తిరుగుతుంది. శీతాకాలంలో కాఫీ తాగి వచ్చేలోపు నీలం వచ్చేసేది. ఆగస్టులో మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా "మేడం, బ్లూ రాలేదండీ" అనే మాటే వినిపించేది. వచ్చేదాకా ఆగాల్సిందే. తొందరపడి వాడితే రోజు పని మొత్తం వృథా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు నా దగ్గర పీహెచ్‌డీ చేసేవాడు. పల్లాడియం ఖరీదైనది, అందుకని అదే పని ఇనుముతో చేయించాలని మా ఆశ. ఒకరోజు అతని ఫ్లాస్కులో చర్య జరిగిపోయింది! టీఎల్‌సీ ప్లేటు, అంటే ఫ్లాస్కులో ఏమేం ఉన్నాయో మచ్చలుగా విడదీసి చూపే పలక, యూవీ లైటు కింద పెడితే కొత్త పదార్థం తాలూకు స్పాట్ స్పష్టంగా కనిపించింది. మళ్లీ చేశాడు, మళ్లీ వచ్చింది. మూడు వారాలు మా ఆనందానికి హద్దు లేదు. పేపరు రాయడం కూడా మొదలుపెట్టాం. పంపేముందు, ఇనుము వేయకుండా ఒక ఖాళీ ఫ్లాస్కు పెట్టమన్నాను. మిగతావన్నీ అవే, కెటలిస్ట్ ఒక్కటి ఉండదు. సాయంత్రం ప్లేటు పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మేడం, ఇందులో కూడా వచ్చేసిందండీ."

ఇనుము లేకుండా వచ్చిందంటే ఇంకేదో పని చేస్తోందన్నమాట. రసాయనాలన్నీ మార్చి చూశాం. స్పాట్ పోలేదు. చివరికి అతనే ఫ్లాస్కులో తిరిగే మాగ్నెట్‌ను దీపం కింద పెట్టి చూశాడు. తెల్లటి టెఫ్లాన్ తొడుగు మీద సన్నటి గీతలు, వాటిలో బూడిదరంగు మచ్చ. అంతకుముందు ఎవరో పల్లాడియం చర్యకు వాడిన మాగ్నెట్ అది. ఎంత కడిగినా గీతల్లో ఇరుక్కున్న లోహం పోలేదు. కొత్త మాగ్నెట్లు వేసి రెండు ఫ్లాస్కులూ మళ్లీ నడిపాం. ఇనుము ఉన్నదాంట్లోనూ ఏమీ రాలేదు, లేనిదాంట్లోనూ రాలేదు.

పేపరు పక్కన పెట్టేశాం. ఆ అబ్బాయి రెండు రోజులు ల్యాబ్‌కు రాలేదు. నేనూ పిలవలేదు. ఏడాది కష్టం ఒక మచ్చలో కలిసిపోతే ఆ మాత్రం టైమ్ కావాలి.

తర్వాత 2009లో స్టీఫెన్ బుక్‌వాల్డ్, కార్‌స్టెన్ బోల్మ్ అనే రసాయన శాస్త్రవేత్తలు కలిసి ఒక పేపరు వేశారు. ఇనుము చేస్తోందని అంతా అనుకున్న కొన్ని చర్యలను ఐరన్ క్లోరైడ్‌లో మలినంగా ఉన్న రాగి, పీపీఎం లెక్కలో, అంటే పది లక్షల్లో కొన్ని వంతులుగా ఉన్న రాగి, నడుపుతోందని అందులో చూపించారు. ఆ ఇనుము చర్యలను మొదట ప్రచురించింది బోల్మ్ గారే. తన పనిని తనే మళ్లీ పరీక్షకు పెట్టారు. అప్పటి నుంచి ఆయనంటే నాకు చెప్పలేనంత గౌరవం.

ఆ పేపరు చదివాకే మేం రాగి వైపు తిరిగాం. రాగితో వలయాలు అతకడం కొత్తేమీ కాదు, ఉల్‌మాన్ అనే రసాయన శాస్త్రవేత్త 1901లోనే చేశారు. కాకపోతే అప్పట్లో గుప్పెళ్లకొద్దీ రాగిపొడి, 200 డిగ్రీల వేడి కావాలి. ప్రోలీన్ లాంటి మామూలు అమైనో ఆమ్లం తోడుంటే కొద్దిపాటి రాగితో, అందులో సగం వేడికే ఇలాంటి చర్యలు ఎన్నో జరుగుతాయని ఈమధ్య దశాబ్దాల్లో తేలింది. ఇంకో లాభం ఉంది. మింగే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ నియమం. రాగికి ఆ హద్దు 3000. మందులో మిగిలిన లోహాన్ని తీసేయడానికి పడే యాతన ఆ మేరకు తగ్గుతుంది.

చిటికెడు లోహం ఇంత పని చేస్తుంది కాబట్టే, చిటికెడు విషం దాన్ని ఆపేస్తుంది కూడా. కారు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేయడానికి ఉండే కన్వర్టర్‌లోనూ పల్లాడియం, ప్లాటినం లాంటివే ఉంటాయి. సీసం తగిలితే అవి పనికిరావు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మడానికి, మన ఆరోగ్యంతో పాటు ఇదీ ఒక కారణం. గంధకం కూడా అంతే. లోహాన్ని పట్టుకుందంటే వదలదు.

ఆ కుర్రాడు ఇప్పుడు పరవాడలో ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాడు. పోయిన నెల రాత్రి పది దాటాక ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఎప్పుడూ బాగా వచ్చే బ్యాచ్ గంటలోనే నల్లబడిపోయిందట.

"నైట్రోజన్ చూశానండీ. సాల్వెంట్‌లో తేమ చూశాను. పాత కెటలిస్ట్, కొత్త కెటలిస్ట్ రెండూ వేసి చూశాను. ఖాళీది కూడా పెట్టాను మేడం" అన్నాడు, నేను అడగకముందే.

"ముడిసరుకు కొత్త డ్రమ్ములదా నాన్నా?"

కాసేపు మాట లేదు. "అవునండీ, సోమవారం వచ్చాయి."

"అయితే అందులో గంధకం ఎంతుందో చూడు" అన్నాను.