పేరు బామ్మర్దిది, పెత్తనం బావది: వేరియబుల్ ఇంట్రెస్ట్ ఎంటిటీ అంటే ఏంది?

[సీన్: కొత్తపట్నం వైపు రొయ్యల గుంట గట్టు, వెనక ఏరేటర్లు తిరుగుతుంటాయి. మైక్ నోటికి దగ్గరగా పెట్టుకోవాలి, లేకపోతే నీళ్ల చప్పుడు తప్ప ఏం వినపడదు.]

నమస్తే అండీ అందరికీ. అకౌంట్స్ వీడియో అని చెప్పి గుంట గట్టు మీద నిలబడ్డాడేందిరా అనుకోవద్దు, ఈ టాపిక్ ఆఫీసులో కూర్చుని చెప్తే నాకే బుర్రకెక్కలేదు. ఒంగోల్లో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్, అంటే సీఏ ట్రైనింగ్, చేసేటప్పుడు మొదటిసారి ఈ మాట విన్నా, వేరియబుల్ ఇంట్రెస్ట్ ఎంటిటీ అని. నేనేమో వేరియబుల్ ఇంట్రెస్ట్ అంటే ఫ్లోటింగ్ వడ్డీ అనుకుని లోన్ ఫైళ్లన్నీ తీసి రేట్లు రాసుకుంటా కూర్చున్నా ఒక పూటంతా. సార్ వచ్చి చూసి నవ్వి, "వడ్డీ కాదురా, గుంట మునిగితే ఎవడి గుండె ఆగిపోద్దో వాడికి ఉండేదే ఇంట్రెస్ట్" అన్నారు.

[కట్. పలక మీద సుద్దతో అంకెలు.]

ఉత్తుత్తి లెక్క ఒకటి వేద్దాం. బావకి మేత డీలర్‌షిప్ ఉంది. బామ్మర్ది పేరు మీద ఒక కంపెనీ పెట్టించాడు, ఆ కంపెనీ గుంటలు లీజుకు తీసుకుంది. మొత్తం కోటి రూపాయలు పెట్టుబడి. బ్యాంకు లోను 70 లక్షలు, బావ అప్పు మీద ఇచ్చిన మేత 17 లక్షలు, ప్రాసెసింగ్ ప్లాంట్ ఆయన ఇచ్చిన అడ్వాన్సు 10 లక్షలు, బామ్మర్ది సొంత డబ్బు 3 లక్షలు. షేర్లు మాత్రం 100కి 100 బామ్మర్దివే.

మరి బ్యాంకు వాళ్లు 3 లక్షలు మొహం చూసి 70 లక్షలు ఇస్తారా? ఇవ్వరు. 50 లక్షలకి బావ పూచీ సంతకం పెట్టాడు, 20 లక్షలకి ప్లాంట్ ఆయన పెట్టాడు. సీడ్ ఏ హేచరీలో తేవాలి, ఎన్ని వేయాలి, పట్టుబడి ఎప్పుడు, సరుకు ఎవరికి, అన్నీ బావ ఫోన్లోనే తేలతాయి, బామ్మర్దికి నెలకింతని జీతం, లాభంలో పెద్ద వాటా కమిషన్ పేరుతో బావకే పోద్ది.

ఇప్పుడు చెప్పండి, గుంట ఎవరిది?

కాగితం చూస్తే బామ్మర్దిది. అదే ఈ సబ్జెక్ట్ అంతా. షేర్లు ఎవడివి అని చూసి వదిలేస్తే అకౌంట్స్ అబద్ధం చెప్తాయి.

[ఏరేటర్ క్లోజప్.]

ఇదిగో ఈ చక్రం చూడండి. తెల్లవారుజామున 3 గంటలకి కరెంటు పోయి జనరేటర్ అందుకోలేదనుకోండి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది, రొయ్యలన్నీ అంచుకొచ్చి తేలతాయి. లేదా వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలి, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో చచ్చినవి కనపడ్డాయి, అమ్మే సైజు రాకముందే ఆదరాబాదరాగా పట్టేసి వచ్చిన రేటుకి అమ్మారు. 40 లక్షలు పోయినయ్ అనుకుందాం. మొదటి 3 లక్షలు బామ్మర్దివి, అంతే, ఆయన పని అయిపోయింది. మిగతా 37 లక్షలు? మేత అప్పులోంచి, అడ్వాన్సులోంచి, పూచీల్లోంచి రావాల్సిందే. అంటే ఓనర్ అని పేరున్నాయన డబ్బు నష్టం తట్టుకోడానికి చాలదు, పైగా ఓనర్‌కి పెత్తనం లేదు. ఇట్టాంటి లక్షణం ఏ ఒక్కటున్నా దాన్ని వేరియబుల్ ఇంట్రెస్ట్ ఎంటిటీ అంటారు, అమెరికా అకౌంటింగ్ రూల్స్‌లో ఏఎస్‌సీ 810 అనేది చెప్పేది ఇదే. ఓనర్ల డబ్బు మొత్తం ఆస్తుల్లో 10 శాతం కన్నా తక్కువుంటే చాలదనే లెక్క, చాలుద్ది అంటే కంపెనీ వాళ్లే నిరూపించాలి. 10 దాటినంత మాత్రాన గట్టెక్కినట్టూ కాదు.

తర్వాత ఇది ఎవడి ఖాతాలో కలవాలి? రెండు చూస్తారు. గుంట లాభనష్టాల్ని నిజంగా తిప్పే పనుల మీద పెత్తనం ఎవడిది, దాంతోపాటు చెప్పుకోదగ్గ నష్టం మోసేదో లాభం తినేదో ఎవడు. రెండూ ఉన్నోడు ప్రైమరీ బెనిఫిషియరీ. ఈడ బావే. అందుకని ఒక్క షేరు లేకపోయినా కోటి రూపాయల ఆస్తులూ బావ బ్యాలెన్స్ షీట్‌లోకి వస్తాయి, 70 లక్షల బ్యాంకు లోను వచ్చిద్ది, ప్లాంట్ ఆయన 10 లక్షలు అప్పుగా వచ్చిద్ది, బామ్మర్ది 3 లక్షలు నాన్ కంట్రోలింగ్ ఇంట్రెస్ట్, అంటే పెత్తనం లేని వాటా, అని విడిగా కూర్చుంటాయి. మేత బాకీ 17 లక్షలు ఎగిరిపోద్ది, కుడి జేబులోంచి తీసి ఎడమ జేబుకి అప్పిచ్చానంటే కుదరదు కదా.

[కట్. మళ్లీ పలక.]

ఆ 3 లక్షలు నేను ఊరికే పెట్టలేదు. ఒకప్పుడు అమెరికాలో బయటోళ్ల డబ్బు 3 శాతం ఉంటే చాలు, ఆ కంపెనీని మీ ఖాతాలో కలపక్కర్లేదు అని వాడుక. ఎన్రాన్ అనే అమెరికా ఎనర్జీ కంపెనీ దాని మీద కోటలు కట్టింది. 1997లో పెట్టిన చ్యూకో అనే సంస్థలో ఆ 3 శాతం బయట డబ్బు అన్నదాంట్లో కూడా సగానికి పైగా మొత్తానికి వెనకుండి పూచీగా డిపాజిట్ పెట్టింది ఎన్రాన్ తాలూకు సంస్థే, ఇంక బయటోడెక్కడ? 2001 నవంబర్‌లో పాత లెక్కలు తిరగరాశారు, డిసెంబర్‌లో దివాలా. ఆ దెబ్బకే 2003 జనవరిలో ఫిన్ 46 అనే రూల్ వచ్చింది, వేరియబుల్ ఇంట్రెస్ట్ ఎంటిటీ అన్న మాట ఆడ పుట్టిందే.

సరే, ఇప్పుడు ప్లాంట్ ఆయన సంగతి. నాకైతే అసలు మజా ఈయన దగ్గరే ఉంది. ఈయనకి పెత్తనం లేదు, కలపక్కర్లేదు. ఆయన పుస్తకంలో కనపడేది అడ్వాన్సు 10 లక్షలే. పూచీకి ఒక పైసా బయటికి పోలేదు కాబట్టి చిన్న మొత్తమేదో లయబిలిటీగా ఉంటే ఉంటది. కానీ రేపు గుంట సాంతం పోతే? 10 పోద్ది, బ్యాంకు వాళ్లు వచ్చి 20 అడుగుతారు. మొత్తం 30 లక్షలు. దీన్నే మ్యాగ్జిమమ్ ఎక్స్‌పోజర్ టు లాస్ అంటారు, అకౌంట్స్‌తో పాటు ఇచ్చే నోట్స్‌లో టేబుల్ వేసి పక్కపక్కన చూపించాలి: పుస్తకంలో 10, గరిష్ఠంగా పోయేది 30. ఆ తేడా ఎందుకొచ్చిందో, 30 ఎట్టా లెక్కేశారో కూడా రాయాలి.

చాలామంది ఇక్కడే తడబడతారు, "సార్ అంత పోదండీ, గుంటలు బానే ఉన్నాయి" అంటారు. అబ్బాయ్, పోయే ఛాన్స్ ఎంత అని ఇక్కడ ఎవరూ అడగట్లా. అంతా సున్నా అయితే నీ చేయి ఎంత కాలుద్ది, అంతే. కాలే ఛాన్స్ లెక్క వేరేచోట ఉంటది.

ఇంకో మెలిక, కాగితం మీద లేని సాయం. 2007 డిసెంబర్‌లో సిటీగ్రూప్ అనే అమెరికా బ్యాంకు 49 బిలియన్ డాలర్ల ఆస్తులున్న ఏడు ఎస్‌ఐవీలని, అంటే స్వల్పకాలం అప్పులు తెచ్చి ఆస్తులు కొనేందుకు విడిగా పెట్టిన సంస్థల్ని, తన బ్యాలెన్స్ షీట్‌లోకి తెచ్చుకుంది. అగ్రిమెంట్ ప్రకారం ఆదుకోవాల్సిన పనేమీ లేకపోయినా పేరు పోద్దని. మన ఊర్లో బామ్మర్ది మునిగితే బావ రాతకోతలు చూసి ఊరుకుంటాడా, ఇదీ అంతే. 2009లో అమెరికా రూల్ మళ్లీ మార్చి, నష్టాల అంకెల లెక్క కన్నా పెత్తనానికి పెద్దపీట వేసింది దీని తర్వాతే.

మనకి సంబంధం ఉందా అంటే ఉంది. పెద్ద కంపెనీలకి 2016 ఏప్రిల్ నుంచి ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ రూల్స్ వచ్చాయి, అందులో 110 నంబరుది పెత్తనం ఎవరిదో చూస్తది, 112 స్ట్రక్చర్డ్ ఎంటిటీ అని పేరు మార్చి ఇదే ఎక్స్‌పోజర్ టేబుల్ అడుగుతది. చిన్న కంపెనీలకి ఏఎస్ 21 అనే పాత రూల్, దాంట్లో సగానికి పైగా ఓట్లున్నాయా, బోర్డు చేతిలో ఉందా అనే చూస్తారు, మన బావ లాంటోళ్లు దాంట్లోంచి హాయిగా జారిపోతారు. నాకు నచ్చని విషయం అదే.

[గట్టు మీద నడుస్తా.]

అన్నట్టు ప్లాంట్ ఆయన ఇంకో కాగితం కూడా రాసిచ్చాడనుకోండి, "గుంట నడిచినన్నాళ్లు డీజిల్‌కి డబ్బు తక్కువపడితే నేను చూసుకుంటా" అని. ఎన్నాళ్లు, ఎంత? పై హద్దు లేదు. అప్పుడు 30 అని రాయకూడదు, 40 అని ఊహించి రాయకూడదు. గరిష్ఠ నష్టం లెక్కకట్టలేం, కారణం ఇదీ అని ఆ ముక్కే నోట్‌లో రాయాలి. అట్టాంటి లైన్ ఏ యాన్యువల్ రిపోర్ట్‌లో కనపడినా నేను ముందు ఆ పేజీకి మూల మడత పెట్టుకుంటా.