ఒక్క పేజీకి పైసా అక్కర్లేదు
(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్తే. నేరుగా విషయంలోకి వస్తాను: సొంత వెబ్ పేజీని పైసా ఖర్చు లేకుండా నెట్‌లో ఎలా పెట్టాలి?

మొన్న కొత్తవాడ నుంచి ఒక చెల్లె వచ్చింది. వాళ్ల నాన్న మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు, ఇప్పుడు అందరం దర్రీలంటున్నాం కదా, అవే. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది గానీ ఆయన నేసిన డిజైన్లు చూద్దామంటే ఆయన ఫోన్ గ్యాలరీ తప్ప ఇంకో చోటు లేదు. అందుకని ఈ పిల్ల పన్నెండు ఫొటోలతో సొంతంగా ఒక పేజీ రాసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకు చుట్టాలందరికీ పంపింది. తెరిస్తే పేజీ లేదు, కోడ్ కనిపించింది! రెండు రోజులు టెన్షన్ పడిందట.

తప్పు ఆమెది కాదు. బ్రౌజర్ ఒక అడ్రస్ అడిగినప్పుడు అవతలి సర్వర్, అంటే ఫైళ్లు పంపే కంప్యూటర్, ఫైలుతో పాటు 'ఇది వెబ్ పేజీ' అని కూడా చెప్పాలి, అప్పుడే అది పేజీగా తెరుచుకుంటుంది. డ్రైవ్ ఇప్పుడు ఫైలును భద్రంగా ఉంచుతుంది, అంతే. ఒకప్పుడు అందులోనే పేజీలు నడిచేవి, 2016 ఆగస్టు 31తో ఆపేశారు. డ్రాప్‌బాక్స్ కూడా అదే ఏడాది అక్టోబర్‌లో ఉచిత ఖాతాలకు ఈ సౌకర్యం తీసేసింది. అప్పటి పాఠాలు మాత్రం నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి, వాటిని నమ్మి పిల్లలు రోజులకు రోజులు పోగొట్టుకుంటున్నారు, నా బాధ అదే.

మరి ఎక్కడ పెట్టాలి? నేనైతే గిట్‌హబ్ పేజెస్ అంటాను, మన ఫైళ్లను ఉచితంగా వెబ్ పేజీగా చూపించే సేవ అది. ఖాతా తెరవండి, మీ యూజర్‌నేమ్ తర్వాత చుక్క పెట్టి గిట్‌హబ్, మళ్లీ చుక్క పెట్టి ఐఓ అని రాసి ఆ పేరుతో పబ్లిక్ రిపాజిటరీ (ఫైళ్లు పెట్టుకునే ఫోల్డర్ లాంటిది) చేయండి, ఫైళ్లు అప్‌లోడ్ చేయండి. కాసేపట్లో అదే పేరుతో మీ పేజీ తెరుచుకుంటుంది. సైటు 1 జీబీ దాటొద్దు. డబ్బులు తీసుకుని సరుకు అమ్మే ఆన్‌లైన్ దుకాణానికి దీన్ని వాడొద్దని వాళ్ల నిబంధన, డిజైన్లు చూపించుకోవడానికైతే చక్కగా సరిపోతుంది. పబ్లిక్ అంటే అందరికీ కనబడుతుంది కాబట్టి ఆధార్ కాపీల్లాంటివి పొరపాటున కూడా అందులో వేయకండి.

ఎక్కువ మంది ఆగిపోయేది ఫైలు పేరు దగ్గర. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్, అన్నీ చిన్న అక్షరాలే. ఫొటోల పేర్లదీ అదే లెక్క. మీ విండోస్ కంప్యూటర్ పెద్ద 'జె'కీ చిన్న 'జె'కీ తేడా చూడదు, సర్వర్ చూస్తుంది, అందుకే ఇంట్లో కనబడిన ఫొటో నెట్‌లో కనబడదు.

ఇక తెలుగు. పేజీ పైభాగంలో యూటీఎఫ్-8 అని చెప్పే చార్‌సెట్ లైను తప్పకుండా ఉండాలి, అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో బ్రౌజర్‌కు చెప్పేది అదే. డీటీపీ షాపులో పాత ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్‌ను అలాగే అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, కాదు. ఆ చెల్లె తన నాన్న గురించి రాయించిన నాలుగు వాక్యాలూ ఇలాగే పాడైతే, ఇద్దరం కూర్చుని ఫోన్ కీబోర్డులో మళ్లీ టైప్ చేశాం. ఒక్కొక్కటి 4 ఎంబీ ఉన్న ఫొటోలను 200 కేబీకి తగ్గించాం, లేకపోతే సిగ్నల్ సరిగా లేని ఊళ్లో పేజీ తెరుచుకోవడానికే తెల్లారిపోతుంది.

ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి ఇచ్చాను. రేపు ఈ ఉచిత సేవ ఆగినా అవే ఫైళ్లు ఇలాంటిదే అయిన క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లోనో ఇంకో చోటో పెట్టుకోవచ్చు.

సాయంత్రం వాళ్ల నాన్న ఫోన్లో పేజీ తెరిచాడు. ఏడో ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసి, "బిడ్డా, అంచు తెగిపోయింది, పొద్దున వెలుతురు పడ్డంక మళ్ల తియ్యి" అన్నాడు. మర్నాడు ఆ ఒక్క ఫొటో మార్చింది.